గుడ్లు మోసుకొచ్చిన చేప

ఎవరేమడిగినా భానోజీ మాస్టారు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. దక్షిణ ధ్రువపు సముద్రంలో తిరిగే పరిశోధన ఓడ మీద ఆయనదొక పద్ధతి. ప్రశ్న వేసినవాళ్ల చేతికి జల్లెడ ఇచ్చి, సముద్రం అడుగునుంచి తీసిన బురద కడగమంటారు. కడిగేసరికి సగం ప్రశ్నలు బురదతోపాటే పోతాయి.

తులసీరత్నం అడిగింది పోయే రకం కాదు. ఈ శ్రీకాకుళం పిల్ల చురుకైనది, తొందర కూడా ఒక పాలు ఎక్కువే. ఆమె పరిశోధించే అఖాతం మీద మంచు ఏటేటా ముందే కరిగిపోతోంది. పాత ఫొటోల్లో అక్కడి అడుగున ఎడంఎడంగా గాజు స్పాంజీలనే ప్రాణులు ఉండేవి. వందల ఏళ్లు నింపాదిగా పెరిగి, కూజాల్లా నోరు తెరుచుకుని నిలబడేవి. ఇప్పుడు వెలుతురు పడింది, తిండి పెరిగింది. చిన్న చిన్న సంచుల్లాంటి ప్రాణులు సందు లేకుండా కమ్మేశాయి. స్పాంజీల జాడ లేదు.

"మాస్టారూ, మంచు పోతే అంతా పోతాదని అందరూ ఏడుస్తున్నారు గదా! ఇక్కడ చూస్తే కిటకిటలాడిపోతోంది. ఈ అడుగునున్న ఊరు బాగుపడిందని రేపు శాస్త్రవేత్తల సభలో చెప్పేస్తాను. తప్పేటి?"

ఆమె పరిశోధనంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మాస్టారు ఈసారి జల్లెడ ఇవ్వలేదు. తన మఫ్లరు తీసి ఆమె మెడకు చుట్టి, అల్లం టీ చేతికిచ్చి, తెర ముందు కూర్చోబెట్టారు. కెమెరా సముద్రపు అడుగుకు దిగింది.

కాసేపటికి ఒక చేప వచ్చింది. పొట్ట నిండా గుడ్లు. ఆ జాతి చేప స్పాంజి కూజాలోనే గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. అది ఒక సంచిప్రాణిని మూతితో తడిమింది. సంచి ముడుచుకుపోయింది. పక్కదాన్ని తడిమింది, అదీ అంతే. వెళ్లిపోయినట్టే పోయి, మళ్లీ వచ్చి, మొదటినుంచి వెతకసాగింది. తులసీరత్నం టీ ముట్టనేలేదు.

"ఇదెక్కడ పెడతాది మాస్టారూ?" అంది. "రేపు నేనేటి చెప్పను?"

ఆ పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు. అందుకే ఊరడించలేదు. తెర మీద తిరుగుతున్న చేపను చూపించారు.

"ఊరు బాగుపడిందని ముందు దానికి చెప్పు తల్లీ. అది ఒప్పుకుంటే, సభకు చెబుదువుగాని."