దుబాయి చేగోడీలు, బుల్లిరాజు తూకం

కాకినాడ రేవు పక్క సందులో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు గవర్రాజు, నడిమివాడు పేర్రాజు, చిన్నవాడు బుల్లిరాజు. ఊళ్ళో ఉన్న తెలివంతా మూటగట్టి ఒక్క గుమ్మంలో దింపితే ఆ గుమ్మం తమదేనని వాళ్ళ నమ్మకం. బయటి దేశాలకు వెళ్ళే సరుకుకి కాగితాలు రాసి, కస్టమ్స్ వారికి చూపించి, ఓడ ఎక్కించే ఆఫీసు ఒకటి వాళ్ళ మేనమామకి ఉండేది. ఆయన కాశీ ప్రయాణం కడుతూ తాళాలు గవర్రాజు చేతిలో పెట్టాడు.

“ఒరే, కాగితంలో ఏముందో కంటైనర్లో అదే ఉండాలి. పిసరు ఎక్కువ కాకూడదు, పిసరు తక్కువ కాకూడదు. ఇదొక్కటీ గుర్తుంటే చాలు” అన్నాడు.

ఇంత చిన్న విషయానికి మావయ్య జుట్టు అంతలా ఎందుకు నెరిసిందో గవర్రాజుకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మొదటి బేరం మండపేట నుంచి వచ్చింది. మంగతాయారు అనే ఆవిడ చేగోడీలు చేయించి డబ్బాలకెత్తించి దుబాయి పంపుతోంది. లారీ దిగుతూనే గవర్రాజుకి దణ్ణం పెట్టింది.

“బాబూ, ఓడ సాయంత్రం వెళ్ళిపోతాదంట. మొదటి సరుకు ఆలస్యమైతే ఇంక నీతో బేరమే లేదన్నాడండి దుబాయి కొట్టాయన. నన్ను నమ్ముకుని మా వీధి ఆడాళ్ళంతా పొయ్యిల ముందు కూర్చున్నారు. మీదే భారం.”

“మా చేతిలో పెట్టాక మీకెందుకండీ బెంగ? ఆయ్, మీరెళ్ళి టీ తాగి రండి” అన్నాడు గవర్రాజు. ఆవిడ నమ్మి వెళ్ళింది. పాపం, కొత్త మనిషి.

గవర్రాజు కాగితం తీశాడు. ‘విరగని చేగోడీలు’ అని రాసి ఉంది.

“విరగనివో కాదో మనకెలా తెలుస్తుందిరా?” అన్నాడు.

“విరిచి చూస్తే తెలుస్తుంది అన్నయ్యా” అన్నాడు పేర్రాజు.

అంతే, ముగ్గురూ డబ్బాల మూతలు తీసి కూర్చున్నారు. తీసిన చేగోడీని తీసినట్టే విరిచి చూశారు. ప్రతిదీ విరిగింది! మండపేట వాళ్ళు ఇంత మోసం చేస్తారనుకోలేదని గవర్రాజు చాలా బాధపడ్డాడు. కొన్ని డబ్బాలు ఖాళీ అయ్యాక పేర్రాజుకి చేతులు నొప్పెట్టాయి కనుక మిగతావి విరగనివే అని తేల్చారు. విరిగినవి కాగితంలో లేవు, పారేస్తే పాపం. ఇంకేముంది, బుల్లిరాజు తినేశాడు.

సరుకు కంటైనర్లోకి ఎక్కించి కాటా మీద పెడితే తూకం తగ్గింది. గవర్రాజుకి ముచ్చెమటలు పట్టాయి. పిసరు తక్కువ కాకూడదని కదా మావయ్య చెప్పింది!

“ఎక్కడికి పోయిందిరా సరుకు?”

“ఎక్కడికీ పోలేదు అన్నయ్యా, వీడి కడుపులో ఉంది. వీణ్ణి లోపల కూర్చోబెడితే సరుకు లోపల ఉన్నట్టే” అన్నాడు పేర్రాజు.

ఇలాంటి తమ్ముణ్ణి కన్న తల్లిని తలుచుకుని గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. బుల్లిరాజు ఎక్కాడు. అసలే పుష్టిగా ఉండే మనిషి, తూకం అమాంతం ఎక్కువైంది. పిసరు ఎక్కువా కాకూడదాయె. ఇంకేముంది, ఒక్కో డబ్బా కిందికి దింపడం మొదలెట్టారు. దింపగా దింపగా ముల్లు సరిగ్గా కాగితంలో ఉన్న అంకె మీద నిలబడింది. తలుపు మూసి తాళం వేశారు.

మంగతాయారూ, కస్టమ్స్ ఆఫీసరు వరాహమూర్తి గారూ ఒకేసారి వచ్చారు. బయట గుట్టగా ఉన్న డబ్బాలు చూసి ఆవిడ గబగబా లెక్కపెట్టడం మొదలెట్టింది. ఆఫీసరు గారు కంటైనర్‌కి చెవి ఆనించారు. లోపల కరకరమని చప్పుడు.

“ఏముందయ్యా లోపల?”

“కాగితంలో ఉన్నదేనండి.”

తలుపు తీశారు. డబ్బాల మధ్య బాసింపట్టు వేసుకుని బుల్లిరాజు ఇంకో మూత తీస్తున్నాడు.

“ఎవరితను?”

“సరుకేనండి” అన్నాడు గవర్రాజు, వినయంగా.

“నా కొంప ముంచేశారురా నాయనా!” అని మంగతాయారు అక్కడే కూలబడింది. ఆఫీసరు గారు మంచివాడు కాబట్టి సరిపోయింది. బుల్లిరాజుని దింపించి, దింపిన డబ్బాలు ఎక్కించారు. మంగతాయారు లారీలో విడిగా తెచ్చుకున్న డబ్బాలతో తగ్గినవి పూడ్చింది. ఆయన దగ్గరుండి సీలు వేయించారు. ఓడ కూత వేసి కదిలాక ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

గవర్రాజుకి మాత్రం అన్నం సయించలేదు. ఆవిడ సరుకు కొంత బుల్లిరాజు కడుపులోనే ఉండిపోయింది. పరాయి సొత్తు ఇంట్లో పెట్టుకోవడం వాళ్ళ వంశంలోనే లేదు. అంతే, ఒక చెక్కపెట్టె చేయించి, బుల్లిరాజుని అందులో కూర్చోబెట్టి తూచి, ఆ అంకె కాగితం మీద రాసి, తర్వాతి ఓడకి సిద్ధం చేశారు. తిండి పెట్టలేదు. చేగోడీల్లో వేరే సరుకు కలిస్తే తప్పు కదా!

రెండో రోజు మంగతాయారు వచ్చింది. పెట్టెలోంచి “అమ్మా, ఒక్క ఇడ్లీ” అని నీరసంగా వినిపించింది. మూత తీసి చూసి ఆవిడ లబోదిబోమంది.

“తింటే తిన్నాడులెండి, నేనేమన్నా అడిగానా? పాపం, వదిలెయ్యండి బాబూ!”

“కాగితం రాసేశామండి. ఇంక వదలాల్సింది కస్టమ్స్ వారే” అన్నాడు గవర్రాజు, జాలిగా.

కస్టమ్స్ ఆఫీసుకి తీసుకెళ్ళేముందు మరోసారి పెట్టెని కాటా మీద పెట్టారు. పస్తులున్నాడు కదా, తూకం తగ్గింది! గవర్రాజు కాగితం చూశాడు, ముల్లు చూశాడు, పేర్రాజు వంక చూశాడు. పేర్రాజు చెప్పులు విప్పి తానూ ఎక్కేశాడు. ఇప్పుడు బాగా ఎక్కువైంది. గవర్రాజు బుల్లిరాజుని దిగమన్నాడు.

ముల్లు వచ్చి సరిగ్గా రాసిన అంకె మీద ఆగింది!

బుల్లిరాజు ఇడ్లీల బండి వైపు పరిగెత్తాడు. ఒక్క చేగోడీ కూడా నోట పెట్టని పేర్రాజు మీద మూత వేసి, మేకులు కొట్టి, తోపుడుబండి మీదికెక్కించాడు గవర్రాజు. రెండో ఆర్డరు కాగితం చూపిద్దామని వచ్చిన మంగతాయారు దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని, చప్పుడు కాకుండా మండపేట బస్సెక్కేసింది.

గవర్రాజు ఛాతీ విరుచుకుని బండి తోసుకుంటూ కస్టమ్స్ ఆఫీసుకి బయల్దేరాడు. మావయ్య జుట్టు ఎందుకు నెరిసిందో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు.