రాజుగారికి అరువు రక్తం

ఒకానొక రాజ్యంలో రాజుగారు పరుపు దిగక, పాయసం మానక తెల్లగా పాలిపోయారు. కొండ మీంచి కట్టెలు మోసుకొచ్చే సుంకులమ్మ నిగనిగలాడుతూ రాజవైద్యుడి కంటబడింది. సభకు ఈడ్చుకొచ్చాడు.

"దీని రక్తం తీసి తమరికి పట్టిస్తే సరి!"

సభంతా నిర్ఘాంతపోయింది. సుంకులమ్మ మాత్రం రాజుగారికి దణ్ణం పెట్టింది.

"తీసుకోండి దొరా. కాకపోతే ఇది రాగిసంగటి, మునగాకు, నువ్వులుండలు తిని కొండలెక్కిన నెత్తురు. పరుపు మీది ఒంట్లో ఇమడదు. ముందు తమరి ఒంటికి ఆ అలవాట్లు చెయ్యండి."

రాజుగారికి సబబుగానే తోచింది. సంగటి తిన్నారు, కొండెక్కారు. పంటలు ఇంటికొచ్చేసరికి ఆయన బుగ్గలు ఎర్రగా మెరిశాయి. ఇక సుంకులమ్మ రక్తంతో పనేముంది? ఆ బుగ్గలు చూసి రాజవైద్యుడి మొహం పాలిపోయింది.

"అయ్యో, అయ్యగారి మొహాన నెత్తురుచుక్క లేదు దొరా!" అంది సుంకులమ్మ. "ఆయన వైద్యమే ఆయనకీ చేద్దాం. ఇప్పుడు రాజ్యంలో తమరి నెత్తురే మేలైనది. కత్తి తెమ్మంటారా?"

సభ మళ్ళీ నోరెళ్ళబెట్టింది. రాజుగారు చటుక్కున రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నారు.

"మునగాకు! ఆయనకీ మునగాకే పెట్టండి!"