నూరో నుయ్యి

నూతులు తవ్వేవాడొకడు నీటిచుక్క లేని సీమలో నుయ్యి తవ్వుతున్నాడు.

అల్లాటప్పా మనిషి కాడు. అతను గునపంతో ఒక్క పోటు పొడిస్తే ఏడూళ్ళ గోడల మీది పిల్లులు కిందపడేవి. పాతాళంలో ఆదిశేషుడు పడగ పక్కకు జరుపుకునేవాడు. తొంభైతొమ్మిది నూతుల్లో నీళ్ళు పడ్డాయి. ఇది నూరోది.

ఆ పనివాళ్ళకొక పట్టింపు ఉంది. తవ్వే నూతిలో జల పడేదాకా పరాయి నీళ్ళు ముట్టకూడదు. తక్కినవాళ్ళు మజ్జిగతో కానిచ్చేవారు. ఇతను, "మజ్జిగలో ఉన్నవీ నీళ్ళేగా" అని అదీ మానేశాడు. జల చూడకుండా పైకొచ్చే మొహం కాదు తనదని, దిగడానికి గోడకు చెక్కిన మెట్లు కూడా తనే పడగొట్టాడు.

మొదటిరోజు పెళ్ళాం తాడుకు చెంబు కట్టి దించింది.

"ఒక్క గుక్క తాగయ్యా."

"తాగితే నా నుయ్యి నవ్విపోదూ?"

"నుయ్యంటూ ఉంటే కదా, నవ్వడానికి."

మూడోనాటికి ఇరవై నిలువుల లోతు. అడుగున నల్లరాయి. నాలుక అంగిటికి అంటుకుపోయింది.

"ఆ చెంబు దించవే," అన్నాడు చిన్నగా.

చెంబు అతని తలకు రెండు నిలువుల ఎత్తులో ఆగిపోయింది.

"తాడు చాలట్లేదు. మరీ గొప్పగా తవ్వావు," అందామె.

అప్పుడు మెడ మీద ఒక చుక్క పడింది. చెమటనుకున్నాడు. మూడు రోజులుగా ఒంట్లో చెమటెక్కడిది? తల ఎత్తేలోపు కొండల మీద కురిసిన వానంతా వాగై నూతిలోకి దూకింది. మోకాళ్ళు మునిగాయి, గుండె మునిగింది. గునపాన్ని కావలించుకున్నాడు. అది అతన్ని అడుక్కి లాగుతోంది.

"గునపం వదులు, తేలతావు!" పైనుంచి అరిచింది పెళ్ళాం.

"వదిలితే నేనింకెవర్ని?"

"పట్టుకుంటే ఎవడివీ కావు."

వదిలాడు. నీళ్ళు అతన్ని పసిబిడ్డలా ఎత్తుకుని ఇరవై నిలువులూ మోసి, నూతి అంచున పెళ్ళాం చేతికి అందించాయి.

ఊళ్ళోవాళ్ళు వచ్చేసరికి కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని, దోసిళ్ళతో తాగుతూ, తాగినంతసేపూ నవ్వుతున్నాడు.

"ఎన్నో నిలువులో పడింది మామా జల?" అడిగాడొకడు.

ఒక్కో నుయ్యి గురించి ఒక్కో పూటంతా చెప్పగలిగినవాడు, ఖాళీ చేతులకేసి చూసుకున్నాడు.

"నేను తవ్వింది గొయ్యేరా," అన్నాడు. చెంబు ముంచి వాడి చేతికిచ్చాడు. "నువ్వూ తాగు."