పీరానీ మా తాగిన జావ

మౌలాలికి వచ్చిన కష్టం అంతా ఇంతా కాదు. దువాకు చేతులెత్తి కళ్ళు మూసుకుంటే చాలు, ఉర్దూ మాటల మధ్యలోకి తెలుగు దూరిపోయేది. "యా అల్లా, రహమ్ కర్" అని దయ చూపమంటూ మొదలుపెడతాడా, వెంటనే లోపల్నుంచి "మా అమ్మ మోకాళ్ళ నొప్పి కూడా చూడు సామీ" అని ఇంకో గొంతు.

వాళ్ళు దూదేకులవాళ్ళు, దూది ఏకి బతికే కుటుంబం. ముస్లిములే అయినా ఇంట్లో అంతా తెలుగే. అతను ఉర్దూ నేర్చుకున్నది శిష్యుడిగా ఈ దర్గాకు వచ్చాకే, గురువు ఖాదర్ షా దగ్గర. ఓసారి ఎక్కడినుంచో వచ్చిన మౌల్వీ ఒకాయన అతని దువా విని, "పైన ఉర్దూ, అడుగున తెలుగు" అని నలుగురిలో నవ్వాడు. మౌలాలికి తల కొట్టేసినట్టయింది.

"హజ్రత్, ఈ తెలుగును తలలోంచి ఎట్లా తోలెయ్యాలి? ఇట్లా రెండూ కలిసిన దువా పైకి చేరుతుందా?" అని గురువును అడిగాడు.

ఆయన చిన్నగా నవ్వి, తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉండిపోయాడు.

దాంతో మౌలాలే ఒట్టు పెట్టుకున్నాడు, దర్గాలో ఉరుసు పండగ దాకా తెలుగు ముక్క పలకనని. ఇంక చూడండి అవస్థ! దర్గాలో చదివింపుకు మలీదా ముద్దలు తెచ్చిన ఆడవాళ్ళ మీద పెద్ద పెద్ద ఉర్దూ మాటలు దంచేవాడు. "ఈ పిల్లోనికి గాలి సోకిందేమో, హజ్రత్‌తో తాయెత్తు కట్టిస్తే బాగుండు" అని వాళ్ళు జాలిపడేవాళ్ళు. అతనికేమో జవాబు తెలుగులోనే ముందు తయారయ్యేది. దాన్ని నొక్కిపట్టి, ఉర్దూ మాట వెతికి తెచ్చి, సాయంత్రానికి తలనొప్పితో పడుకునేవాడు.

ఆ రోజుల్లోనే పీరానీ మా పడిపోయింది. గురువుగారి భార్యను అక్కడ అట్లా పిలుస్తారు. కుడివైపు పక్షవాతం. నాలుగు మాటలు కూడగట్టుకునేసరికి ఇంకో విడ్డూరం బయటపడింది. ఉర్దూ పోయింది. ఆమె పుట్టిల్లు కూడా దూదేకుల ఇల్లే. పెళ్ళైనప్పటినుంచి భర్తతో ఉర్దూలోనే కాపురం చేసిన మనిషి, ఇప్పుడు ఆయన ఏం చెప్పినా అర్థంగాక బిత్తరచూపులు చూస్తోంది. నోటికొచ్చేది చిన్ననాటి తెలుగే.

"రెండు భాషలూ తలలోనే ఉన్నాయి సాబ్. దెబ్బకు ఒకటి మూగపోయింది," అన్నాడు డాక్టరు. "ఉన్నదాంట్లోనే మాట్లాడిస్తూ ఉండండి, రెండోదీ కదలొచ్చు. కానీ ముందు ఆమె తినాలి. తినకపోతే దక్కదు."

ఖాదర్ షా బీదరు నుంచి వచ్చిన ఉర్దూ మనిషి. ఆయన తెలుగు సంతలో కూరగాయలు కొనడానికి సరిపోయేంతే. "తిను, తిను" అని ఎంత బతిమాలినా ఆమె మూతి బిగించేది. నీళ్ళు తప్ప ఏదీ దిగక మనిషి వాడిపోయింది. ఒక పొద్దున ఆయన రాగిజావ గిన్నె తెచ్చి మౌలాలి చేతిలో పెట్టాడు.

మౌలాలి మంచం పక్కన కూర్చుని, నవాబుల విందులో వడ్డిస్తున్నట్టు, "నోష్ ఫర్మాయియే" అన్నాడు. ఆరగించండి అని! ఆమె కిటికీ కేసి చూస్తోంది. బయట మబ్బు పట్టింది.

"వాన వస్తాంది రా. దూది తడుస్తాది. లోపలెయ్యండి," అంది.

అతను చెంచా ముందుకు చాపాడు. ఆమె తల తిప్పేసింది.

"ఎవురూ వినరేమి? ఏకిన దూదంతా తడిసిపోతాది. నాయన తంతాడు..." కళ్ళనీళ్ళు కారి దిండు తడిసింది.

ఏకిన దూది మీద చినుకు పడితే ఏమవుతుందో మౌలాలికి తెలుసు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు కప్పి ఇంట్లోకి పరుగెత్తేది. జవాబు నాలుక చివరికొచ్చి నిలబడింది. పళ్ళు బిగబట్టి తలెత్తాడు. గుమ్మంలో గురువు. భార్య ఏమంటోందో తెలియక, శిష్యుడి మొహంలో వెతుక్కుంటున్నాడు.

ఆ ముసలాయన్ని అట్లా చూసి మౌలాలికి ఏడుపొచ్చింది.

"తడవలేదు మా. అంతా లోపల పెట్టేసినా."

"అంతానా?"

"అంతా. పైన గోతాం కూడా కప్పినా. నువ్వు జావ తాగు, సల్లారిపోతాది."

"నాయనకు చెప్పొద్దు రా."

"చెప్పను. ఒట్టు."

ఆమె నోరు తెరిచింది.

ఆ రోజునుంచి పూటపూటకీ అతనే తాగించాడు. దూది గురించి, చింతచిగురు గురించి, పక్కింటి గయ్యాళి గురించి ఇద్దరూ ఒకటే కబుర్లు. ముసలాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, సగం అర్థమై సగం కాక, వింటూ ఉండేవాడు.

ఒకనాడు ఆమె మధ్యలో చెంచా పక్కకు నెట్టింది. భర్త కేసి తిరిగి చాలాసేపు చూసింది.

"మీరు తిన్నారా?" అంది. ఉర్దూలో.

ఆయన తినలేదు. తిన్నానన్నట్టు తల ఊపి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత మౌలాలి కుళాయి దగ్గర గిన్నె కడుగుతుంటే, గురువు వచ్చి పక్కన గట్టుమీద కూర్చున్నాడు.

"హజ్రత్, నా ఒట్టు తప్పింది," అన్నాడు మౌలాలి తల దించుకుని. "దువాలో తెలుగు ఇంకా వస్తానే ఉంది. అది పైకి చేరుతుందో లేదో మీరు చెప్పనేలేదు."

ఆయన గిన్నె అందుకుని, తువ్వాలుతో మెల్లగా తుడిచాడు.

"జావ ఏ భాషలో గొంతు దిగిందిరా?"