జుంటి అన్నం తినని పది రోజులు

పిల్లలూ, కథకు ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతవరకూ పైకి అనలేదు, మా గూట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. జుంటి బడికి రాని రోజు నాకు పండగలా ఉండేది.

నేను గోరింకను. అనగనగా కొండల నడుమ ఒక అడవి, ఆ అడవికి ఒక బడి, ఆ బడిలో పద్యాలు చెప్పే పంతులమ్మను. జుంటి ఎలుగుబంటి పిల్ల. దాని ఇల్లు రెండు కొండల అవతల. రోజూ ఆలస్యమే. ఏమన్నా అంటే గుర్రుమనేది, పలక విసిరేది, పక్కవాళ్లను కొరికేది.

మా బడిలో ఒక ఆచారం ఉంది. ఎవరి పీరియడ్ వారిది, పిల్లల తప్పులూ శిక్షలూ రాసుకునే నోటుపుస్తకం ఎవరిది వారిదే. ఒకరి పుస్తకంలోకి ఇంకొకరు తొంగిచూడటం మర్యాద కాదు. ముగ్గురు పంతుళ్లూ ఒక పిల్ల వద్దంటే మాత్రం, బడి నడిపే పెద్దయ్య ఎదుట ఎవరి పుస్తకం వారు చదవాలి. ఆపైన పేరు కొట్టేస్తారు.

జుంటి వద్దని నేను, లెక్కల తాబేలు మాస్టారు, ఆటల కొంగ మాస్టారు, ముగ్గురమూ అన్నాం. కబురు అందగానే వాళ్లమ్మ మూటాముల్లె సర్దుకుంది. తెల్లారితే పిల్లను తీసుకుని దూరపు కొండకు, తేనెపట్ల పనికి వెళ్లిపోతుంది. ఇక జుంటికి చదువు లేనట్టే.

ఏనుగు పెద్దయ్య చెవులు విసురుకుంటూ కూర్చున్నాడు. జుంటి ఓ మూల గోళ్లతో నేల గీరుతోంది.

"కానివ్వు గోరింకమ్మా."

నేను చదివాను. "ఆలస్యంగా వచ్చినందుకు పీరియడ్ అంతా ఎండలో బండ మీద నిలబెట్టాను. పది రోజులు." ముప్పావుగంటే కదా, అదేమంత శిక్ష అనుకున్నాను.

తాబేలు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "వాగు దగ్గర నీళ్లు తాగుతూ కూర్చుని లెక్కల పీరియడ్‌కు ఆలస్యంగా వస్తోంది. అందుకని అన్నం బెల్లు కొట్టాక కూడా కూర్చోబెట్టి లెక్కలు చేయించాను. పది రోజులు."

కొంగ మాస్టారు ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాడు. పెద్దయ్య తొండంతో తట్టాడు. "ఆఁ... ఆటల పీరియడ్‌లో పక్కవాళ్ల పళ్లు లాక్కుంటోంది, ఇవ్వకపోతే కొరుకుతోంది. అందుకని ఆట మాన్పించాను. పది రోజులు."

మూడు పుస్తకాలూ మనసులో పక్కపక్కన పెట్టి చూశాను. ఎండలో నిలబడితే దాహం. నీళ్లకు పోతే ఆలస్యం. ఆలస్యమైతే...

"ఆగండి!" అని అరిచాను. "ఈ పది రోజులూ ఒకే పది రోజులా? అయితే ఈ పిల్ల మధ్యాహ్నం అన్నం తిన్నదెప్పుడు?"

తాబేలు మాస్టారు తన పుస్తకం మళ్లీ తిరగేశాడు.

"నేను కాసేపే కదా కూర్చోబెట్టింది," అన్నాడు.

"మీ కాసేపంటే మాకు ఒక పూటండీ!" అన్నాడు కొంగ. "ఈలోగా వంటశాల తలుపు మూసేస్తారు."

"నువ్వు మాట్లాడకు," అన్నాడు తాబేలు. "ఆకలిగొన్న పిల్లను చూసి కొరుకుతోందని రాసుకున్నావు. అంత మెడ ఉంది, పక్క పుస్తకంలోకి ఒక్కసారి చాచలేకపోయావా?"

"ఎండలో నిలబెట్టి ఇదంతా మొదలుపెట్టింది నేను," అన్నాను.

జుంటి దగ్గరికి ఎగిరి వెళ్లాను. "ఒక్క మాటైనా చెప్పలేదేం తల్లీ?"

అది నా వంక వింతగా చూసింది. "ఈ శిక్షలన్నీ మీ ముగ్గురూ మాట్లాడుకునే వేశారనుకున్నా టీచర్."



పెద్దయ్య మూడు పుస్తకాలూ పక్కకు నెట్టి, కొత్త పుస్తకం ఒకటి మధ్యన పెట్టాడు. "ఇక ముగ్గురికీ ఇదొక్కటే. ఇకమీదట ఎవరేం చేస్తారో చెప్పండి."

ఎప్పుడొచ్చినా ముందు నీళ్లు, నీడ, ఆ తర్వాతే పద్యం. అది నా వంతు. లెక్క మిగిలితే మర్నాటికి, అన్నం వేళకు అన్నమే. అది తాబేలు మాస్టారి వంతు. కోపమొస్తే కొరకకుండా పుట్టమన్ను తవ్వుకోవాలి, చల్లబడ్డాక మళ్లీ ఆటలోకి రావచ్చు. అది కొంగ మాస్టారి వంతు.

"పుట్టలో చెదలుంటే తినొచ్చా?" అంది జుంటి.

"తినవే తల్లీ, తిను," అన్నాడు తాబేలు.

"రేపే మారిపోతుందని ఆశపడకండి," అన్నాడు పెద్దయ్య. "రేపూ కొరుకుతుంది. అప్పుడు కూడా ముగ్గురూ ఒక్క మాట మీదుండాలి. వారానికోసారి ఇలాగే కూర్చోవాలి. అది సరే, రేపటికి పిల్ల ఇక్కడ ఉండాలిగా? వాళ్లమ్మకు ఎవరు చెబుతారు?"

తాబేలు మాస్టారి తల డిప్పలోకి పోయింది. కొంగ మాస్టారి ముక్కు రెక్క కిందికి పోయింది. పిల్లను పది రోజులు పస్తుంచామని ఏ తల్లికి చెప్పగలం?

మా అడవిలోనూ ఫోన్లున్నాయి, నవ్వకండి.

"ఫోన్ ఇలా ఇవ్వండి పెద్దయ్యా," అన్నాను. "పిల్ల మారిందని చెప్పను. తప్పు మాదని చెబుతాను. తిడితే పడతాను. ఆ మూట విప్పి, రేపు పిల్లను పంపమని, వీలైతే తను కూడా వచ్చి మా పక్కన కూర్చోమని అడుగుతాను."

పిల్ల దారి తప్పిందనే ముందు, దారి చూపే పెద్దలంతా ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవాలి.