రాగం వస్తేగాని చావని రాజు

బొక్కావారి ఇంట్లో తెలివి ఎంతుందంటే, ఊరందరికీ పంచినా ఇంకా మిగిలిపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ తెలివితోనే ఇంటిల్లిపాదీ ఊరి జాతరకి నాటకం కట్టారు. పెద్దాడు తాతబ్బాయి రాజు, తమ్ముడు బుల్లెబ్బాయి ఆ రాజుని పొడిచే శత్రువు. "రాజు చచ్చేటప్పుడు జనం ఏడిస్తే వచ్చే జాతరలో నాటకం కూడా మీకే. ఏడవలేదో, పక్కూరి వాళ్ళని పిలుస్తాం," అన్నాడు మునసబు. తాతబ్బాయి గుండెల్లో రాయి పడింది.

"బెంగపడకు. ఏడిపించేది నువ్వు కాదు, నా హార్మోనియం," అన్నాడు పేరయ్య మేష్టారు. "నేను శోకరాగం ఎత్తుకున్నాకే నువ్వు చావాలి. ముందే చచ్చావో, ఒక్క కన్నూ తడవదు!"

రిహార్సల్లో మేష్టారు ఆ రాగం తీశాడు. ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ కావలించుకుని భోరుమన్నారు. పొడవాల్సినవాడు కత్తి పారేసి మరీ ఏడ్చాడు. తాతబ్బాయి పెళ్ళాం సూరమ్మకి ఒళ్ళు మండింది. "ఏడవాల్సింది జనమా, మీరా? చెవుల్లో దూది కుక్కుకోండి!"

"అబ్బ, ఏం బుర్రే నీది!" అని మురిసిపోయాడు తాతబ్బాయి. అంతే, నాటకం రోజు ఇద్దరూ చెవుల నిండా దూది కుక్కుకుని రంగం ఎక్కారు.

బుల్లెబ్బాయి పొడిచాడు. మేష్టారు రాగం ఎత్తుకున్నాడు. తాతబ్బాయికి వినపడితేగా! నిలబడే ఉన్నాడు. మళ్ళీ పొడిచాడు. ఊహూఁ, నిలబడే ఉన్నాడు.

"చావన్నయ్యా!" అని చెవి దగ్గర అరిచాడు బుల్లెబ్బాయి.

"రాగం రాందే ఎలా చస్తానురా? జాతర పోదూ?" అని అంతకన్నా గట్టిగా అరిచాడు తాతబ్బాయి.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. సూరమ్మ పరిగెత్తుకొచ్చి మొగుడి చెవుల్లో దూది లాగేసింది. రాగం వినపడగానే తాతబ్బాయి ఒక్క ఏడుపు ఏడ్చి దబ్బున పడ్డాడు.

పరువు పోయిందని మేష్టారు పెట్టె చంకనెట్టుకుని అత్తారి ఊరికి బండెక్కేశాడు. తెర దించారు. తాతబ్బాయి మాత్రం లేవలేదు. "చచ్చే రాగం వాయించారు, సరే. లేచే రాగమేదీ?" అన్నాడు కళ్ళు మూసుకునే. నిజమేగా అనుకున్నారు ఇంటివాళ్ళు. మంచం మీద పడుకోబెట్టి, నలుగురూ మోసుకుంటూ ఇంటికి బయల్దేరారు.

దారిలోనే తెల్లారింది. వీధిలో ఆ మంచం చూసి జనం గుండెలు బాదుకున్నారు. "అయ్యో తాతబ్బాయ్! మేం నవ్వామనేగా పోయావు! వచ్చే జాతర మీవాళ్ళకే, ఒట్టు!" అని వలవల ఏడ్చాడు మునసబు.

సూరమ్మ సంబరంగా మొగుడి చెవిలో ఊదింది. "లేవండి, జాతర మనదే!"

తాతబ్బాయి పెదవి కదపకుండా గొణిగాడు. "రాగం లేకుండా లేవడానికి నేనేమన్నా తెలివితక్కువ వాణ్ణా? పదండి, మేష్టారి అత్తారి ఊరికి!"

ఇంకేముంది, మంచం అటు తిరిగింది. దాని వెనకాలే మునసబూ, ఊరు ఊరంతా, ఏడుస్తూ.