తెల్లకన్నుల తల్లి పసుపు ఒల్లని కథ

కాకిగుట్ట మీది నుంచి దిగే వాగు మలుపు తిరిగే చోట తెల్లకన్నుల తల్లి కొలువై ఉంది. గుడి చిన్నది. పొద్దుటి వెలుగు నేరుగా అమ్మ ముఖం మీద పడాలని, కట్టినవారు తూర్పు గోడ లేపలేదు. నల్లరాతి ముఖంలో పలుగురాతి కళ్ళు, రెప్పలు లేవు. ఈ గుడిలోకి పసుపు రాదు, ఇనుము రాదు. ఎంత గొప్ప ఇంటివారైనా తెచ్చిన పసుపు వాకిట్లో వదలవలసిందే. పసుపు లేని అమ్మవారేమిటని ముక్కున వేలేసుకునేవారు ఈ కథ తెలుసుకొని లోపలికి రావాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. వాగు ఒడ్డున గొర్రెల మందలు, ఎగువన గూడెం ఉండేవి. బీరయ్య అనే కాపరికి కొమరవ్వ ఒక్కతే కూతురు, తల్లి లేని పిల్ల. ఆమెకు పెండ్లి కుదిరింది. నలుగు మొదలైన నాటి నుంచి పిల్ల అన్నం ముట్టదు, కూర్చున్న చోటే ఒరిగిపోతుంది. పెండ్లి బెంగ అన్నారు అందరూ. బీరయ్య చెల్లెలు ఐలవ్వ రోజూ పసుపు రాసి, "పసుపు పట్టుడంటే ఇదీ! కడిగినా పోతలేదు. అదృష్టవంతురాలు నా కోడలు" అని మురిసిపోయేది.

ఆ రోజుల్లోనే ఒకనాడు, నీళ్ళు తాగుతున్న మంద ఉన్నట్టుండి వెనక్కి జరిగింది. ఒక్క గొర్రె అరవలేదు. అన్నీ ఒకే చోటికి చూస్తున్నాయి. బీరయ్య దిగి చూస్తే, నీళ్ళ అడుగున ఒక రాతి ముఖం కళ్ళు తెరుచుకొని అతన్నే చూస్తోంది. దానిని ఎత్తి, వాగుకు ఎదురుగా ఒడ్డున నిలిపి, అమ్మవారికి చేసే తీరున నిండా పసుపు పూసి వెళ్ళాడు.

మరునాటికి రాయి మీద పసుపు లేదు. పాము కుబుసం విడిచినట్టు ఒక పచ్చని పొర, ముక్కూ నోరూ చెదరకుండా, రాతి కింద రాలి ఉంది. మళ్ళీ పూశాడు. మళ్ళీ అదే తీరు. కాని ఈసారి తెల్లని పలుగురాతి కళ్ళు పచ్చబడ్డాయి. వాగును చూస్తూ ఉండవలసిన ముఖం అతని ఇంటి వైపు తిరిగి ఉంది.

గూడెంలో చెబితే నవ్వారు. "కామెర్లు నీకే అయినట్టున్నయి మామా, లోకమంతా పచ్చగ కనబడుతోంది!"

నీడ పాదాల కిందికి చేరే మిట్టమధ్యాహ్నం వేళ రాతి పక్కన బీరయ్యకు కునుకు పట్టింది. కలలో ఆ ముఖం పెదవి కదపకుండా పలికింది: "నా పసుపు నేను విడిచాను. నీ బిడ్డ పసుపు నువ్వు విడిపించు. పసుపు పూయలేని చోట చూడు. నేను మునిగిన నీళ్ళే నీ బిడ్డ తాగింది."

బీరయ్య ఇంటికి పరుగెత్తాడు. కూతురిని ఎండలోకి తెచ్చి ముఖం తోమి తోమి కడిగాడు. పసుపు పోయింది, పచ్చదనం పోలేదు. పసుపు పూయలేని చోటేదో అప్పుడు తట్టింది. కింది రెప్ప లాగి చూస్తే, కంటి తెలుపంతా ఆ రాతి కళ్ళ రంగులో ఉంది.

"మెల్లగ అన్నా! వియ్యాలవారు వింటే పెండ్లి ఆగుతది," అంది ఐలవ్వ.

"పెండ్లి ఆగితే మళ్ళ జరుగుతది. నా బిడ్డ ఊపిరి ఆగితే?"

గూడెంవారు వాతలు పెట్టే నర్సయ్యను పిలిచారు. "కడుపు మీద కాలిస్తే పొద్దు గూకేలోగా దిగుతది" అంటూ అతడు ఇనుప కర్రు నిప్పుల్లో పెట్టాడు. ఎంత ఊదినా అది ఎరుపెక్కలేదు. బయటికి తీస్తే చల్లగా ఉంది, కొన నుంచి వాగు నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నర్సయ్య లేచి, కర్రును అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

బీరయ్య కూతురిని బండిలో వేసుకొని పట్నం వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది తోలు జబ్బు కాదు, కాల్చితే పోవడానికి. లోపల కాలేయం వాచింది. పసరులు పోసి దానిని ఇంకా అలసిపోనివ్వకు. కాచిన నీళ్ళు, తేలిక తిండి, పడక. కళ్ళు నేను చూస్తూ ఉంటాను" అన్నాడు వైద్యుడు. గూడెం మురుగు కలిసే చోటే అందరూ కడవలు ముంచుతున్నారని బీరయ్యకు అప్పుడు తెలిసివచ్చింది. పెండ్లి వాయిదా పడింది. చాలా కాలానికి కొమరవ్వ ఆకలి అని అడిగింది. ఆమె కళ్ళు తెల్లబడిన ఉదయమే రాతి కళ్ళూ తెల్లబడ్డాయి. ఆ రాయి ముందే, ముఖాన పసుపు లేకుండా, ఆమె తాళి కట్టించుకుంది.

నేటికీ ఈ చుట్టుపక్కల నలుగుకు ముందు వధూవరులను వట్టి ముఖాలతో ఇక్కడికి తెస్తారు. పూజారమ్మ పొద్దుటి వెలుగులో కింది రెప్ప లాగి చూస్తుంది. పచ్చగా ఉంటే తాయెత్తు కట్టదు, పసరు పోయదు. ఆసుపత్రికి పంపుతుంది. కామెర్లు పైకి కనిపించే గుర్తు మాత్రమే, కారణం ఒక్కొక్కరికి ఒక్కోటి, అది రక్తపరీక్షలో తేలాలి. అలా ఆగిన పెండ్లిని అమ్మ వాయిదా అంటారు. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు. ఇక్కడ తీర్థం కాచి చల్లార్చిన నీరే.

అమ్మను దర్శించి ఆ చల్లని చూపు పొందినవారి ఇల్లు పదికాలాలు వర్ధిల్లుతుంది. ఒక్క మాట మరువవద్దు. దర్శనవేళ అమ్మ కళ్ళు మీకు పచ్చగా కనిపిస్తే, దీపం వెలుగేమో అనుకోకండి. ఈ గుడిలో దీపం పెట్టరు. పక్కవారిని పిలిచి మీ కళ్ళు చూడమనండి.